రోడ్డు కింద ఇల్లు

మొన్న రాజాం నుంచి వస్తుంటే బస్సు ఉన్నట్టుండి నెమ్మదించింది. టైర్ల కింద ఏదో పటపటమంది. కిటికీలోంచి చూస్తే రోడ్డు నిండా ఉలవ కట్టె. మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. కళ్ళానికి చోటు లేనివాళ్ళు పంట కోసి తారురోడ్డు మీద పరిచేస్తారు. బస్సులూ లారీలూ ఆటోలూ తొక్కుకుంటూ పోతాయి, సాయంత్రానికి నూర్పు అయిపోతుంది. నా పక్క సీటు పెద్దమనిషికి మాత్రం ఒళ్ళు మండింది. "రోడ్డు వీళ్ళ అబ్బ సొత్తనుకుంటారండీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. రోడ్డు తన సొత్తేనని నిజంగా నమ్మిన మనిషి ఒకావిడ నాకు తెలుసు. ఆవిడ ఇప్పుడు లేదు.

రెండువేల పది దాటాక సంగతి. అప్పట్లో నేను అరసవల్లిలో అద్దెకుండేవాణ్ణి. కళింగపట్నం దగ్గర ఒక బళ్ళో సోషల్ చెప్పేవాణ్ణి. రోజూ పొద్దున బండి మీద వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేవాణ్ణి. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం పోయే ఆ రోడ్డు ఎంతో పొడవు లేదు. గుడి చుట్టూ ఆటోల గోల దాటితే పొలాలు, గార దాటితే సరుగుడు తోటలు, ఆ తర్వాత ఉప్పుగాలి, ఎండుచేపల వాసన, అక్కడితో సరి. వంశధార సముద్రంలో కలిసే చోట లైట్‌హౌసు దగ్గర రోడ్డు ఆగిపోతుంది. ఒకప్పుడు అక్కడ ఓడలు ఆగేవి, బళ్ళ మీద సరుకు ఈ దారినే వచ్చేది, పోయేది. ఓడలు మానేశాయి గానీ రోడ్డు మానలేదు. ఇంత చిన్న రోడ్డుకి అంత పెద్ద గతం ఉండటం నాకు సరదాగా ఉండేది. కనపడ్డ ముసలివాళ్ళందరినీ దాని గురించి అడిగేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ "మీకు పిల్లలకి చెప్పే చరిత్ర చాలదా?" అని దెప్పేది.

ఆ రోడ్డు మీద గార దాటాక ఒక చిన్న ఊరుంది. తిన్నగా వస్తున్న రోడ్డు ఆ ఊళ్ళో కారణం లేకుండా వంపు తిరుగుతుంది. ఆ వంపులోనే ఆవిడ ఇల్లు. ఊళ్ళో అందరూ వంపు ముసలమ్మ అనేవారు. అసలు పేరేమిటో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. నేను మామ్మా అనేవాణ్ణి.

మొదటిసారి కలిసింది కూడా ఉలవ కట్టె వల్లే. వంపులో పరిచిన కట్టె మీదుగా వెళ్తుంటే తీగ నా బండి చైనుకి చుట్టుకుని బండి ఆగిపోయింది. దిగి తీగ లాగుతున్నాను. "ఇసురుగా లాగకు బావూ, కాయ రాల్తాది" అని గొంతు వినిపించింది. చుట్టూ చూశాను, మనిషి కనపడలేదు. కిందికి చూస్తే కనపడింది. రోడ్డంచుకి ఆనుకుని, రోడ్డుకన్నా లోతులో ఒక మట్టిగోడల ఇల్లు. దాని చూరు నా బండి సీటు ఎత్తులో ఉంది. చూరు కింద నించుని చేట చేతిలో పట్టుకుని ఆవిడ నన్ను చూస్తోంది.

"ఇల్లు ఇలా గోతిలో కట్టారేంటి మామ్మా?" అన్నాను, ఉండబట్టలేక.

ఆవిడకి కోపం వచ్చింది. "గొయ్యేటి? నాను కాపరానికొచ్చిన్నాడు ఈ రోడ్డు మీంచి మెట్లెక్కి ఇంట్లోకెల్లినాను. ఇల్లు దిగనేదు బావూ. రోడ్డెక్కీసింది."

అది అక్షరాలా నిజం. ఆవిడ ఎరుకలో ఆ దారి మొదట బళ్ళబాట. తర్వాత మట్టి పోశారు, ఎర్ర గ్రావెలు పోశారు, కంకర పరిచారు. కొత్తకోడలిగా ఆ కంకర కొట్టినవాళ్ళలో ఆవిడా ఒకతె. తర్వాత తారొచ్చింది. ఆ తర్వాత తారు మీద తారు. "ఎలచ్చనొచ్చినప్పుడల్లా దానికో దుప్పటి కప్పుతారు. ఎండాకాలం పూటేనా పాత దుప్పటి తియ్యరు" అనేది. అలా రోడ్డు పెరిగి పెరిగి, ముందు ఎక్కే మెట్లని మింగి గుమ్మానికి సమం అయింది, తర్వాత గుమ్మంలోకి దిగడానికి మెట్లు కావలసి వచ్చాయి. వానాకాలం రోడ్డు మీద నీళ్ళు తిన్నగా ఆవిడ ఇంట్లోకే. గుమ్మానికి అడ్డంగా మట్టికట్ట వేసుకుని, నీళ్ళు తోడుకుంటూ కూర్చునేది. మిగతా ఊరివాళ్ళు ఇళ్ళు పడగొట్టి, అరుగులు ఎత్తు చేసుకుని స్లాబులు వేసుకున్నారు. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆడు తప్పు సేస్తే నాను ఇల్లు మార్చుకోవాలా?" అనేది. ఆడు అంటే రోడ్డు. ఆవిడ సిన్నోడు, సిన్నోడు అంటుంటే ఇద్దరు కొడుకులని చాలా రోజులు నేను నమ్మాను. పెద్దోడు ఆటో తోలేవాడు, అతన్ని చూశాను. "సిన్నోడేం చేస్తుంటాడు మామ్మా?" అని ఒకసారి అడిగాను. "సూడు, గుమ్మంలో అడ్డంగా తొంగున్నాడు" అని రోడ్డు చూపించింది. నా సేత్తో రాళ్ళు పెట్టి పెంచినాను, తల్లి నెత్తికెక్కినాడు అనేది. పొద్దున్నే లేచి ఇంటి ముందు ఎంత మేర రోడ్డుందో అంత మేరా ఊడ్చేది. తారు మీద పెద్ద ముగ్గు పెట్టేది. మొదటి బస్సు దాన్ని తుడిచేసేది. ఆవిడ ఆ బస్సు డ్రైవర్ని వాడి ఏడు తరాలతో కలిపి తిట్టేది. వాడు చెయ్యూపి నవ్వుతూ పోయేవాడు. మర్నాడు మళ్ళీ అంతే.

చరిత్ర కావాలని తిరిగే నాకు ఆవిడ దొరకడం పెద్ద అదృష్టమనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆవిడ దగ్గర చరిత్ర రోజుకో రకం అని. రోడ్డు ఇక్కడే ఎందుకు వంపు తిరిగింది అని అడిగితే మొదటిసారి ఇలా చెప్పింది. తెల్లదొర గుర్రమెక్కి కర్రతో గీత గీసుకుంటూ సముద్రం దిక్కు నుంచి వస్తున్నాడట. ఇక్కడికి రాగానే గుర్రాన్ని ఈగ కుట్టింది, గుర్రం పక్కకి జరిగింది, గీతా జరిగింది. నేను మురిసిపోయి క్లాసులో పిల్లలకి కూడా చెప్పాను. నెల తిరక్కుండానే, వాళ్ళ మావగారి తాత పొలానికి అడ్డంగా పడుకుంటే రోడ్డు ఆయన్ని తప్పించుకుని పోయిందంది. ఇంకోసారి, అక్కడ పనసచెట్టు ఉండేదని, ఆ కాయల రుచి మరిగి దొర చెట్టు కొట్టనివ్వలేదని అంది.

"మొన్న గుర్రం అన్నావు కదా మామ్మా?"

"మొన్నడిగితే మొన్నటిది సెప్పినాను. ఇయ్యాలడిగితే ఇయ్యాల్టిది."

"మరి అసలు నిజం ఏది?"

"నిజం నాకేటి తెలుసు మేస్టారూ, నానప్పుడు పుట్టనేదు కదా" అని నా అమాయకత్వానికి జాలిపడింది. ఆ మాటకి నేనూ నవ్వాను. ఆ మూడు కథల్లో నాకు ఈగ కథే ఇష్టం.

ఆ ఏడు వానలు బాగా పడి, పంట కోతలు అవుతుండగా రోడ్డుకి మళ్ళీ తారు వేస్తారని తెలిసింది. కంకర కుప్పలు వచ్చాయి, తారు డ్రమ్ములు వచ్చాయి. ఆవిడకి నిద్ర పట్టలేదు. ఇంకొక్క పొర పడితే చాలు, ఏ చిన్న వానొచ్చినా పొయ్యి దాకా నీళ్ళే. ఇల్లు నిలవదు. పని చూసే ఇంజినీరు కుర్రాడు కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినవాడు, మంచి మర్యాదస్తుడు. అతను కనపడినప్పుడల్లా ఎదురెళ్ళేది. "బావూ, పాతది తవ్వి తీసీండి. తీసి కొత్తది ఎయ్యండి. నాను ఒద్దన్నానా?" అనేది. అతను ప్రతిసారీ ఓపిగ్గా "ఎస్టిమేట్‌లో లేదమ్మా" అనేవాడు. ఎస్టిమేటంటే ఎవరో పై అధికారి అనుకుని, ఆయన ఇల్లెక్కడో కనుక్కోమని పెద్దోణ్ణి సతాయించేది.

పని వంపు దాకా వచ్చిన రోజు పొద్దున నేను బడికి వెళ్తూ చూశాను. ఎప్పుడూ రోడ్డుకి ఒక పక్కన పరిచే ఉలవ కట్టెని ఆ రోజు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచేసింది. పంగలకర్రతో తిరగేస్తోంది. అటు పక్క రోలరు ఆగి ఉంది. కంట్రాక్టరు కేకలేస్తున్నాడు. కూలీలు కదలడం లేదు. వాళ్ళందరూ మన పల్లెలవాళ్ళే. కళ్ళంలో ఉన్న పంట మీద ఇంటివాళ్ళు ఎత్తకముందు పరాయి చెయ్యి పడకూడదు. అది పొలంలో కళ్ళమైనా ఒకటే, తారు మీద కళ్ళమైనా ఒకటే. బళ్ళు తొక్కుకుంటూ పోవచ్చు, ఎవరూ తియ్యకూడదు, పక్కకి నెట్టకూడదు.

"మీరు తియ్యకపోతే రోలరే ఎక్కించెయ్ రా" అన్నాడు కంట్రాక్టరు.

రోలరు డ్రైవరు కిందికి దిగి చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. కట్టె అంచున నించుని చూశాడు. "బండి తొక్కితే నూర్పవుతాది. ఇది తొక్కితే పిండవుతాది. పంటని పిండి సేసిన పాపం నాకొద్దు బాబూ" అన్నాడు.

"ఎక్కించరా నాయనా! ఉలవట్టుకి పిండే కదా కావాల" అని ఆవిడ వేళాకోళమాడింది.

ఆ రోజు పని ఆగింది. మర్నాడూ ఆగింది. ఉలవలన్నీ ఎప్పుడో రాలిపోయాయి, కట్టె నలిగి పొట్టయిపోయింది, అందరికీ కనపడుతూనే ఉంది. ఆవిడ మాత్రం "ఇంకా పచ్చిది, ఎండనేదు" అంటూ తిరగేస్తూనే ఉంది. పెద్దోడు సిగ్గుతో ఆటో వేసుకుని ఊరొదిలి పోయాడు. చివరికి ఇంజినీరు కుర్రాడే దిగొచ్చాడు. "ఎంత మేర తవ్వమంటావమ్మా?" అన్నాడు.

ఆవిడ పంగలకర్ర పడేసింది. తన ఇంటి ఈ గోడ దగ్గర నించుంది, ఆ గోడ దాకా నడిచింది. "నా గోడ కాడ్నించి నా గోడ కాడికి. అంతే బావూ, ఇంకేటీ ఒద్దు" అంది. అంత చిన్న కోరికా అని అతను ఊపిరి పీల్చుకున్నాడు.

తవ్వకం నేను సెలవు పెట్టి మరీ చూశాను. నల్లటి పొరలు పెళ్ళలు పెళ్ళలుగా లేచాయి. వాటి కింద కంకర, దాని కింద ఎర్రమట్టి. ఏళ్ళ తరబడి నేను అడిగి అడిగి తెలుసుకోవాలనుకున్నదంతా ఒక్క పూటలో కళ్ళముందు పరుచుకుంది. ఆవిడ ఆ గోతిలోకి దిగి ఒక కంకరరాయి తీసి కొంగుతో తుడిచింది. "ఇది నాను కొట్టిన రాయి" అంది.

"ఎలా తెలిసింది మామ్మా?"

కాసేపు రాయిని అటూ ఇటూ తిప్పింది. "తెల్దు. ఎవుల్దో ఒకల్ది కదా. నాదే అనుకుంటే ఏటి పోయింది?" అని దాన్ని మళ్ళీ గోతిలోనే వేసేసింది. దాని మీదే కొత్త తారు పడింది.

ఆ వేసవి ఆవిడకి పండగ. రోడ్డు ఆవిడ ఇంటి ముందు దిగి, ఇల్లు దాటగానే మళ్ళీ ఎక్కేది. బస్సు ఆ పల్లంలో దిగి లేస్తే లోపల ఆడపిల్లలు కిలకిలా నవ్వేవాళ్ళు. కండక్టర్లు దాన్ని ముసలమ్మ పల్లం అనడం మొదలుపెట్టారు. ఆవిడ గుమ్మం ముందు సిమెంటు మెట్టు ఒకటి కట్టించుకుంది. నేను వెళ్తే చాలు, "మెట్టెక్కి రా మేస్టారూ" అనేది. ఒకసారి పక్కనించి వచ్చానని వెనక్కి పంపి మెట్టు మీంచి మళ్ళీ రప్పించింది. ఆవిడ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. ఎవరికైనా జీవితంలో ఒక్కటైనా గెలుపు ఉండాలి అనుకున్నాను.

వానలు మొదలయ్యేదాకానే ఆ ముచ్చట. ముసురు పట్టి రెండు రోజులు విడవకుండా కురిసింది. ఇంతకు ముందు రోడ్డు మీద పడ్డ నీళ్ళు ఊరు పొడవునా తలా కొంచెం ఇళ్ళవైపు దిగేవి. ఇప్పుడు వాటికి పల్లం దొరికింది. అటునుంచి వచ్చిన నీళ్ళూ ఇటునుంచి వచ్చిన నీళ్ళూ వచ్చి ఆవిడ గోడ నుంచి గోడ దాకా నిలిచాయి. మెట్టు మునిగింది. గుమ్మం మునిగింది.

వాన తెరిపిచ్చాక వెళ్ళాను. ఆవిడ ఎత్తుగా ఉన్న రోడ్డు మీద నులకమంచం వేసుకుని కూర్చుని ఉంది. ఉలవ బస్తాలు తడిసి పక్కన ఉన్నాయి. ఇల్లు వెనక గోడ సగం జారిపోయింది. పెద్దోడు లోపల నడుముల్లోతు నీళ్ళలో గిన్నెలు వెతుకుతున్నాడు. రోడ్డు వాళ్ళని తిడదామనుకున్నాను.

"ఆలనేటీ అనకు" అంది ఆవిడ, నా మొహం చూసి. "నానడిగిందే ఇచ్చినారు. అడగడం నాకు సేతకానేదు. ఊరంతా తవ్వండిరా అనాల్సింది. నా గుమ్మం ఒకటీ సూసుకున్నాను." నేను ఆ మంచం అంచునే కూర్చుండిపోయాను. ఆవిడే మళ్ళీ "మేస్టారూ, బడికి టయిమవుతాది, ఎల్లు" అని నన్ను లేపింది.

ఆ వానాకాలం అంతా ఆవిడ పెద్దోడి అత్తారింటి వసారాలో ఉంది. నీళ్ళు తీశాక కూడా ఇంట్లో పడుకోవడానికి వీల్లేకపోయింది. రోజూ వచ్చి ఊడ్చి, దీపం పెట్టి పోయేది.

చలికాలం మొదట్లో ఇంజినీరు కుర్రాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి కాగితాలతో వచ్చాడు. ఆ వంపులో ప్రమాదాలు అవుతున్నాయి, వంపు తీసేసి రోడ్డు తిన్నగా చేస్తారట. తిన్నగా చేస్తే రోడ్డు ఆవిడ ఇంటి మీంచే పోతుంది. చెప్పలేక చెప్పాడు. పల్లం వల్ల ఇల్లు పోయిందని అతనికీ బాధగానే ఉంది. పెద్దోడు అప్పటికే వెనక దొడ్డిలో ఎత్తుగా పునాది వేయించుకున్నాడు, అతను సరేనన్నాడు. అందరూ ముసలమ్మ వైపు చూశారు. మళ్ళీ ఉలవ పరుస్తుందేమో అని నాకు లోపల ఆశగానే ఉంది. పరిస్తే నేనూ ఒక పంగలకర్ర పట్టుకునేవాణ్ణేమో.

ఆవిడ పరవలేదు. "సరే బావూ, ఇచ్చీస్తాను" అంది. "ఒకటే మాట. ఎక్కడి గ్రావెలో తెచ్చి గొయ్యి కప్పొద్దు. నా గోడల మట్టి ఎంతుందో అంతా ముందు అక్కడే పడాల. ఒక తట్టెడు కూడా బయటికెల్లకూడదు. సాలకపోతే అప్పుడు మీది తెచ్చుకోండి."

అతను తలూపాడు. ఈసారి ఎస్టిమేటు మాట ఎత్తలేదు.

ఇల్లు తీసేసిన రోజు నేను వెళ్ళలేదు, బళ్ళో పరీక్షలు. రెండు మూడు రోజుల తర్వాత సాయంత్రం వస్తుంటే వంపు ఉండాల్సిన చోట రోడ్డు తిన్నగా కనపడింది. ఇంకా తారు పడలేదు. గోడల మట్టి తడిపి, రోలరుతో తొక్కించి చదును చేశారు. బళ్ళు అప్పుడే దాని మీదుగా వదులుతున్నారు. ఆ మట్టి మీద ఆవిడ ఒక్కతే, చెప్పుల్లేకుండా, మెల్లగా నడుస్తోంది. నేను బండి పక్కన పెట్టి నించున్నాను.

నాలుగడుగులు వేసి ఆగింది. "ఇది పొయ్యిగడ్డ" అంది, నన్ను చూసి. ఇంకాస్త నడిచింది. "మా ఆయన పోయింది ఇక్కడ. ఇటు తల పెట్టి పడుకోబెట్టినాం." తర్వాత కుడివైపు తిరిగింది. "పెద్దోడు పుట్టింది ఈ మూల." ఏమీ లేని ఆ నేల మీద ఆవిడ ఎక్కడా గోడకి తగలకుండా నడుస్తోంది. ఒకచోటికి వచ్చేసరికి తల వంచింది. ఆ ఇంటి వాకిలి చిన్నది, ఎవరైనా వంగాల్సిందే.

కళింగపట్నం నుంచి వచ్చే బస్సు ఆవిడ వెనకాల ఆగి గట్టిగా హారను కొట్టింది. ఆవిడ కదల్లేదు. డ్రైవరు మళ్ళీ కొట్టాడు. ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యెత్తింది.

"ఉండ్రా! ఇంకా ఇంట్లోనే ఉన్నాను నాను."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.